చెప్పిన మాటకు అవతల

మా పావగడ కోట ఎక్కి చుట్టూ చూస్తే కంటికి ఆనే నేలలో సగానికి పైగా మా రాష్ట్రానిది కాదు. తుమకూరు జిల్లాలో మాది ఒక మూల తాలూకా. దాదాపు మూడు పక్కల ఆంధ్ర. మా భూమి అటు చొచ్చుకుపోయి, మడకశిర భూమి ఇటు చొచ్చుకొచ్చి, రెండు చేతుల వేళ్ళు ఒకదానిలో ఒకటి దూర్చుకున్నట్టు ఉంటుంది పటంలో. ఆఫీసులో కన్నడం, ఇంట్లో తెలుగు. 1953 అక్టోబరు ఒకటిన ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు మేము మైసూరులోనే ఉన్నాము. 1956లో రాష్ట్రాలన్నీ మళ్ళీ సర్దినప్పుడూ అక్కడే ఉన్నాము. ఇటువాళ్ళకు మేము తెలుగువాళ్ళం, అటువాళ్ళకు కన్నడంవాళ్ళం. ఇలాంటి చోట పుట్టినవాడికి మధ్యన నిలబడడం ఎవరూ నేర్పనక్కరలేదు.

అందులో నేను బడిపంతులును. ముప్పై మూడేళ్ళు చరిత్ర, భూగోళం చెప్పి రిటైరయ్యాను. పంతులంటే మా పల్లెల్లో ఇంకో ఉద్యోగం కూడా ఉంటుంది. గట్టు తగాదా, బావిలో వంతు తగాదా, అన్నదమ్ముల పంపకం, ఏదొచ్చినా 'ఐవారిని పిలవండప్పా' అంటారు. నేనూ వెళ్ళి అరుగు మీద కూర్చొని, ఇద్దరి మాటా విని, ఎవరి పక్కా మాట్లాడకుండా చక్కబెట్టేవాణ్ణి. ఎవరి పక్కా మాట్లాడకపోవడమే నా గొప్పతనమని చాలాకాలం నమ్మాను. ఆ నమ్మకం ఎలా చెదిరిందో చెప్పడానికే ఈ వ్యాసం.

తిరుమణి వైపు సౌర విద్యుత్ పార్కు వచ్చిన సంగతి పాఠకులకు తెలిసే ఉంటుంది. ఐదు ఊళ్ళలో 13 వేల ఎకరాలు. రైతుల దగ్గర భూమి కొనలేదు, గుత్తకు తీసుకున్నారు. ఎకరాకు ఏటా 21 వేల రూపాయలు మొదలు. శెనక్కాయ వేసి వానకోసం ఆకాశం చూసి చూసి మెడలు పట్టేసిన మా వాళ్ళకు అది దేవుడిచ్చిన వరంలా కనబడింది. అట్లా గుత్తకిచ్చిన వాళ్ళలో నాకు బాగా తెలిసిన అన్నదమ్ములు ఇద్దరున్నారు. ఎనిమిదెకరాలు. నాయన పోయినాక నోటిమాట మీద చెరి నాలుగూ పంచుకున్నారు గాని, కాగితం రాసుకోలేదు. పహణీ అంతా అన్న పేరు మీదే ఉండిపోయింది. ఇద్దరూ నా దగ్గర చదువుకున్నవాళ్ళే.

గుత్త కాగితాల మీద సంతకాలు పెట్టే ముందు అన్న నన్ను పిలిపించుకున్నాడు. నేను చూసి, 'తమ్ముడి పేరు ఎక్కించినాకే సంతకం పెట్టు నాయనా, రేపు నీ కాలం తర్వాత పిల్లలు ఒప్పుకోకపోతే తగవు కోర్టు దాకా పోతుంది' అన్నాను. అతను నవ్వి, 'మా మధ్య కాగితాలేంది ఐవారూ, డబ్బు పడినప్పుడల్లా సగం వాడి చేతికే ఇస్తా' అన్నాడు. నేను ఇంకోసారి అనలేదు. కాఫీ తాగి వచ్చేశాను.

అన్న మాట మీద నిలబడ్డాడు. బతికున్నన్నాళ్ళూ సగం ఇచ్చాడు. కరోనా ఏడాది పోయాడు. ఆ మరుసటి ఏడు కొడుకులు 'కాగితంలో చిన్నాయన పేరు ఎక్కడుంది?' అన్నారు. తమ్ముడు ఇప్పుడు బెంగళూరులో ఒక అపార్టుమెంటుకు కాపలా ఉంటున్నాడు. కేసు నడుస్తోంది. నిరుడు ఉగాదికి ఊరికి వచ్చి మా ఇంటికి వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. 'ఐవారూ, ఇట్లయితుందని మీరు ముందే అన్నారంట గదా మా అన్నతో. నాకొక మాట ఎందుకు చెప్పలేదు సామీ?' అన్నాడు. గట్టిగా కూడా అనలేదు. అడిగి, నిలబడి, వెళ్ళిపోయాడు.

నా దగ్గర జవాబు లేదనుకుంటారేమో. జవాబు సిద్ధంగానే ఉంది. నేను చెప్పవలసిన వాడికి చెప్పాను, వినకపోవడం వాడి తప్పు, అన్నదమ్ముల మధ్య నేను చాడీలు మోయకూడదు. ఈ మూడు ముక్కలూ నోటి దాకా వచ్చాయి. రాత్రి పడుకున్నాక మాత్రం ఒక ప్రశ్న పక్కన చేరింది. రాబోయేది ముందే చూసినవాడు, చెప్పవలసిన చోట చెప్పినవాడు, అంతటితో చేతులు కడుక్కోవచ్చునా?

నాకు తెలిసిన చరిత్రలో ఈ ప్రశ్న అందరికంటే ఎక్కువగా సైన్యాధికారులను పట్టుకుంటుంది. రాబోయేదాన్ని చూడడమే వాళ్ళ వృత్తి. యుద్ధం లేనప్పుడు యుద్ధం గురించి ఆలోచించడానికి వాళ్ళకు జీతమిస్తాము. మన తెలుగువాడు జనరల్ కె.వి. కృష్ణారావు 1975లో ఒక నిపుణుల సంఘానికి అధ్యక్షుడిగా కూర్చొని, పాతికేళ్ళ తర్వాత మన సైన్యం ఎలా ఉండాలో లెక్కలు వేశాడు. ఆ మాట ప్రభుత్వం చాలావరకు విన్నది. ఆయనే 1981 నుంచి 1983 దాకా సర్వసైన్యాధిపతిగా ఉండి, ఆ పనిలో కొంత తన చేతులతోనే చేయగలిగాడు. ఇది అదృష్టవంతుడి కథ. చెప్పాడు, విన్నారు, అయింది. ఇందులో ధర్మసంకటం లేదు.

సంకటం ఉన్నది మన కర్ణాటకలోనే పుట్టిన ఇంకొకరి కథలో. కొడగు బిడ్డ జనరల్ కె.ఎస్. తిమ్మయ్య. మడికేరిలో ఆయన పుట్టిపెరిగిన ఇల్లు 2021 నుంచి మ్యూజియంగా ఉంది. బెంగళూరులో రిచ్‌మండ్ రోడ్డుకు ఆయన పేరే పెట్టారు. బడిలో ఆయన గురించి చెప్పేటప్పుడు నేను 1948 నవంబరు ఒకటిన జోజీలా కనుమ మీదికి యుద్ధ ట్యాంకులు ఎక్కించిన ముచ్చటే చెప్పేవాణ్ణి. పిల్లలకు అదే నచ్చేది. రిటైరయ్యాక, అందులోనూ తమ్ముడు వచ్చిపోయాక, ఆయన జీవితంలో తుపాకీ పేలని రెండు ఘట్టాలే నాకు పెద్దవిగా కనబడుతున్నాయి.

మొదటిది కొరియా. 1953 జూలైలో అక్కడ కాల్పులు ఆగాయి. యుద్ధఖైదీల సంగతి మాత్రం తేలలేదు. ఐక్యరాజ్యసమితి పక్షం చేతిలో ఉన్న చైనా, ఉత్తర కొరియా ఖైదీలలో 22 వేలకు పైగా మంది తమ దేశానికి తిరిగి పోమన్నారు. అవతలి పక్షం చేతిలో అట్లాగే పోమన్నవాళ్ళు 359 మంది. వాళ్ళది నిజమైన ఇష్టమా, బెదిరింపా? తేల్చడానికి ఐదు దేశాల తటస్థ సంఘం వేశారు. స్వీడన్, స్విట్జర్లాండు ఒక వైపు మొగ్గు, పోలండు, చెకోస్లొవేకియా ఇంకో వైపు మొగ్గు. నడుమ ఇండియా. అధ్యక్షుడు తిమ్మయ్య. ఖైదీలను కాపాడే భారత దళానికి నాయకుడు మేజర్ జనరల్ ఎస్.పి.పి. తొరాట్, మరాఠీవాడు.

దక్షిణ కొరియా అధ్యక్షుడు సింగ్‌మన్ రీ, భారత సైనికుడి కాలు తన నేల మీద పడడానికి వీల్లేదన్నాడు. దాంతో మన వాళ్ళను ఓడల మీద నుంచి హెలికాప్టర్లలో ఎక్కించి, రెండు సైన్యాల నడుమ ఉన్న నిస్సైనిక ప్రాంతంలో దించారు. మధ్యవర్తికి దొరికిన మర్యాద అది. వెళ్ళిన కొత్తలోనే ఖైదీలు ఒక భారత అధికారిని పట్టుకొని తమ ఆవరణలో పెట్టుకున్నారు. తొరాట్ తుపాకీ పట్టకుండా తానే లోపలికి నడిచి, వాళ్ళతో మాటామంతీ ఆడి, ఆ అధికారిని బయటికి తీసుకొచ్చాడు. అన్ని రోజులూ అట్లా గడవలేదు. మరో వారానికి మన వాళ్ళు కాల్పులు జరపవలసి వచ్చింది, ఖైదీల ప్రాణాలు పోయాయి. మధ్యన నిలబడినవాడి చేతులు ఎప్పుడూ శుభ్రంగానే ఉంటాయని ఎవరైనా అనుకుంటే, అది పుస్తకాల్లో మాట.

ఆ సంఘం పనిలో అసలు ముక్క ఒకటుంది. ప్రతి ఖైదీకీ అతని దేశం వాళ్ళు ఎదురుగా కూర్చొని విషయం వివరించాలి. అది విన్నాక పోతానో పోనో అతనే చెప్పాలి. దానికి 90 రోజులు గడువు. శిబిరాల లోపల ముఠాల బెదిరింపులు, బయట రెండు పక్షాల పంతాలు కలిసి, గడువు ముగిసిన డిసెంబరు 23 నాటికి ఎక్కువమంది ఆ వివరణ వినకుండానే మిగిలిపోయారు. వాళ్ళను బలవంతంగా ఈడ్చుకొచ్చి కూర్చోబెట్టడానికి తిమ్మయ్య ఒప్పుకోలేదు. జనవరి వచ్చింది. ఒక పక్షం వాళ్ళను విడిచిపెట్టమంది. ఇంకో పక్షం రాజకీయ సభ జరిగేదాకా పట్టి ఉంచమంది. ఒప్పందం ప్రకారం తనకు విడిచిపెట్టే హక్కూ లేదు, పట్టి ఉంచే హక్కూ లేదని తిమ్మయ్య తేల్చాడు. ఎవరి దగ్గర నుంచి తీసుకున్నవాళ్ళను వాళ్ళకే తిరిగి అప్పగించాడు. రెండు పక్షాలూ తప్పు పట్టాయి. ఏ దేశమూ వద్దన్న ఎనభైమందికి పైగా ఖైదీలు మన సైనికులతో పాటు ఓడెక్కి ఇండియాకు వచ్చారు.

ఇన్నాళ్ళూ నేను మధ్యస్థమంటే ఇరుపక్షాలకూ నచ్చేట్టు ఉండడమనుకున్నాను. కొరియాలో మధ్యస్థం ఇరుపక్షాలకూ నచ్చలేదు. కానీ అది ఒక పని చేయాలని ప్రయత్నించింది. ఎవడి బతుకు తేలబోతున్నదో వాడి చెవిన విషయం పడాలి అన్నది. 22 వేలమందిలో ఒక్కొక్కడి చెవినా పడాలి అన్నది. చాలావరకు ఓడిపోయింది, అది వేరే మాట. నా ఊళ్ళో బతుకు తేలవలసినవాడు ఒక్కడే. మధ్యన ముఠాలూ లేవు, ముళ్ళకంచెలూ లేవు. సైకిలెక్కితే పది నిమిషాల దూరం.

రెండో ఘట్టం దీనికంటే కష్టమైనది. 1957 మేలో తిమ్మయ్య సర్వసైన్యాధిపతి అయ్యాడు. రక్షణమంత్రి వి.కె. కృష్ణమేనన్‌తో పొసగలేదు. 1959 ఆగస్టు చివరిరోజున రాజీనామా ఇచ్చాడు. నెహ్రూ పిలిచి నచ్చజెప్పితే వెనక్కి తీసుకున్నాడు. రెండు రోజులకే నెహ్రూ పార్లమెంటులో ప్రజాప్రభుత్వమే సైన్యానికి పైచేయి అని చెబుతూ తిమ్మయ్య చేసిన పనిని తప్పుపట్టాడు. ఆయన బయట ఒక్క మాట మాట్లాడలేదు. తలవంచుకొని 1961 మే దాకా కొలువు చేశాడు.

ఆ నడుమనే తూర్పు కమాండుకు అధిపతిగా ఉన్న తొరాట్, చైనా ఎక్కడ ఎలా దాడి చేయగలదో, దాన్ని ఆపాలంటే ఎంత సైన్యం కావాలో, ఏ వరుసలో నిలబడితే సరఫరా అందుతుందో లెక్కలు కట్టి 1959 అక్టోబరులో పైకి పంపాడు. 1960 మార్చి 17న లక్నోలో 'లాల్ కిలా' అనే పేరుతో దాన్నే ఒక యుద్ధాభ్యాసంగా ఆడించి చూపించాడు. రక్షణశాఖ దాన్ని లెక్కచేయలేదు. 1962 అక్టోబరు 20న చైనా దాడి చేసింది. తర్వాత నెహ్రూ తనను పిలిచి ఆ కాగితాలు చూసి, ఇవి నాకెందుకు చూపలేదని అడిగినట్టు తొరాట్ తన ఆత్మకథలో రాసుకున్నాడు.

ఆ వాక్యం చదివినప్పుడు పుస్తకం మూసి పక్కన పెట్టాను. 'నాకెందుకు చెప్పలేదు?' ప్రధానమంత్రి అడిగినా, అపార్టుమెంటు కాపలావాడు అడిగినా అదే ప్రశ్న.

ఈ సంకటం మనకు కొత్తది కాదు. పురాణాల్లో చెప్పి వినిపించుకోలేని వాళ్ళు ముగ్గురు నాకు ఎప్పుడూ గుర్తొస్తారు. విదురుడు చెప్పాడు, వినలేదు, అయినా చాలాకాలం ఆ కొలువులోనే ఉండి చెబుతూనే పోయాడు. విభీషణుడు చెప్పాడు, వినలేదు, అవతలి పక్షానికి పోయాడు. కుంభకర్ణుడూ అన్నకు తప్పు తప్పని చెప్పాడు, చెప్పి యుద్ధానికి పోయి చచ్చాడు. లోకం విభీషణుడికి పట్టం కట్టింది గాని, మా పల్లెల్లో తిట్టేటప్పుడు ఆ పేరే వాడతారు. కుంభకర్ణుణ్ణి నిద్రపోతు అని నవ్వుకుంటారు గాని, ద్రోహి అని ఎవరూ అనరు.

ప్రజాప్రభుత్వంలో సైన్యాధికారికి విభీషణుడి దారి మూసేసి ఉంటుంది. ఉండాలి కూడా. తన మాట వినలేదని జనరల్ రాజధాని మీదికి తిరిగితే ఏమవుతుందో 1958 అక్టోబరులో పక్కనున్న పాకిస్తాన్ చూపించింది. ఆ మరుసటి ఏడాదే తిమ్మయ్య రాజీనామా సంగతి వచ్చింది. దేశం ఎందుకు ఉలిక్కిపడిందో ఊహించవచ్చు. కాబట్టి ఆయన మౌనాన్ని పిరికితనమని నేను అనలేను. పదవి దిగిపోయి మామూలు పౌరుడయ్యాక 1962 జూలైలో ఆయన ఒక పత్రికలో రాశాడు కూడా. చైనాతో బాహాటంగా, ఒంటరిగా యుద్ధం చేయగలమని సైనికుడిగా తాను అనుకోలేనని, అది దౌత్యంతో తేలవలసిందని. అప్పటికి మూడు నెలలే మిగిలి ఉంది.

అంటే అతని నోటికి ఒక కట్టు ఉండింది. ఆ కట్టు దేశం మేలు కోసం వేసింది. కట్టు విప్పగానే మాట్లాడాడు. ఆ కట్టుకు కూడా ఒక ధర ఉందని, దాన్ని 1962 చలికాలంలో మంచుకొండల మీద బూట్లు, కోట్లు చాలని జవాన్లు చెల్లించారని మరచిపోకూడదు. అధికారి నోరు కట్టేసిన ప్రభుత్వానికి చెవులు రెట్టింపు తెరుచుకొని ఉండే బాధ్యత పడుతుంది. చెప్పే దారి ఒకటే పెట్టి, ఆ దారిలో ఒకడు అడ్డం కూర్చుంటే చూడకుండా ఉంటే, తప్పు చెప్పినవాడిది ఎంతో, దారి అట్లా కట్టినవాళ్ళది అంతకంటే ఎక్కువ. తొరాట్ విషయంలో నా తీర్పు ఇది. ఎవరైనా ఒప్పుకోకపోవచ్చు.

ఇక నా విషయం. నేను జనరల్‌ను కాదు. నా నోటికి ఏ చట్టమూ కట్టు వేయలేదు. నేను చిన్నవాడి ఇంటికి పోయి ఒక్క మాట చెబితే ఏ రాజ్యమూ కూలిపోదు. మహా అయితే పెద్దవాడికి కోపం వచ్చి, నన్ను మళ్ళీ కాఫీకి పిలవకపోవును. నేను భయపడింది దానికే. చాడీ అవుతుందన్నది నేను తర్వాత కుట్టుకున్న చొక్కా. ఒకడి వెనక వాడి గురించి చెడ్డ చెప్పడం చాడీ. వాడి భూమి సంగతి వాడికి చెప్పడం చాడీ ఎట్లా అవుతుంది? తిమ్మయ్య మౌనం క్రమశిక్షణ. నాది సుఖం. బయటికి రెండూ ఒకేలా కనబడతాయి. కాబట్టే నాలాంటివాళ్ళు పెద్దల మౌనాన్ని అడ్డం పెట్టుకోగలుగుతున్నారు.

ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. నేను చెప్పిన ఆ ఒక్క మాటను కూడా, జరగబోయేది ఆపడానికి చెప్పానా, రేపు 'నేను ముందే అన్నాను' అనుకోవడానికి చెప్పానా? అన్న నవ్వగానే అంత తేలిగ్గా వదిలేశానంటే రెండోదే ఎక్కువేమో. తొరాట్ కాగితం రాసి ఊరుకోలేదు. అందరినీ పిలిచి ఆడించి చూపించాడు. చెప్పడంలో కూడా మెట్లుంటాయి. మొదటి మెట్టు మీద నిలబడి పైకి చేయి ఊపి వచ్చేసినవాడు మేడ ఎక్కానని అనుకోకూడదు.

మరి ఎన్నిసార్లు చెప్పాలి? ఎవరెవరికి చెప్పాలి? దీనికి కొలబద్ద ఉందని నేను అనను. ఊరందరి కాగితాల్లో తలదూర్చే పెద్దమనిషి కూడా ఊరికి పీడే. నాకు తోచింది ఇంతే. ముప్పు ఎవరి మీద పడబోతున్నదో వాళ్ళ చెవిన ఆ మాట పడిందా లేదా అన్నది చూసుకోవాలి. ఆ తర్వాత వినడం వినకపోవడం వాళ్ళ ఇష్టం. కొరియాలో 90 రోజులు మన వాళ్ళు పడిన పాట్లన్నీ ఈ ఒక్క చిన్న మర్యాద కోసమే.

తిమ్మయ్య మళ్ళీ ఒకసారి మధ్యన నిలబడడానికి పోయాడు. 1964లో సైప్రస్‌లో గ్రీకువాళ్ళకూ టర్కీవాళ్ళకూ నడుమ ఐక్యరాజ్యసమితి శాంతిదళానికి నాయకుడిగా వెళ్ళి, 1965 డిసెంబరు 18న అక్కడే కన్నుమూశాడు. మరుసటి ఏడు ఆ చిన్న దేశం ఆయన బొమ్మతో తపాలా బిళ్ళ వేసింది. మధ్యన నిలబడినవాడికి దొరికిన అరుదైన కృతజ్ఞత.

పోయిన నెల నేను మధుగిరి పోయి ఒక వకీలును కలిశాను. 2016లో అన్న నాతో అన్న మాట, డబ్బులో సగం వాడిదే అని నా ఎదుట ఒప్పుకున్న మాట, కోర్టులో సాక్ష్యంగా చెబుతానని రాసిచ్చాను. అన్న కొడుకులు కూడా నా దగ్గర చదువుకున్నవాళ్ళే. మొన్న సంతలో ఎదురుపడితే పెద్దవాడు తల తిప్పుకొని పోయాడు. ఇన్నేళ్ళలో ఒక ఇంటివాళ్ళు నన్ను చూసి తల తిప్పుకోవడం ఇదే మొదలు. బాధగా ఉంది. ఆరేడేళ్ళ కిందట పడవలసిన బాధ ఇప్పుడు పడుతున్నాను, అంతే. నా సాక్ష్యంతో కేసు గెలుస్తుందో లేదో వకీలు చెప్పలేనన్నాడు. తమ్ముడికి ఫోను చేసి సంగతి చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, 'తారీఖు ఎప్పుడంట ఐవారూ?' అన్నాడు.